పిట్టల పురుడు

"వదినె, తోక మీద నువ్వు కట్టిన గుడ్డలు ఏ రంగువి?"

పొద్దున ఐదున్నరకు మల్లేష్ ఫోన్ చేసి అడిగిన మొదటి మాట అది. చంద్రవ్వ అప్పుడే బర్రెకు కుడితి పెట్టి చేతులు కడుక్కుంటోంది. మరిది ఇంత పొద్దున్నే రంగుల సంగతి ఎందుకు అడుగుతున్నాడో ఆమెకు అంతుపట్టలేదు.

"ఎర్రయి. నా పాత చీర చింపి కట్టిన. ఏమైందిరా?"

అవతల ట్రాక్టర్ల చప్పుడు వినిపించింది.

"సర్వేవోళ్లు పాతిపోయిన జెండాలు గూడ ఎర్రయే, వదినె. జేసీబీ డ్రైవర్‌కు కాంట్రాక్టర్ మనిషి ఒక్కటే మాట చెప్పిండు. ఎర్రగుడ్డలు ఎక్కడిదాంక ఉంటె అక్కడిదాంక తోడమన్నడు. ఏడింటికి మిషన్ దిగుతది."

చంద్రవ్వ తడి చేతులతోనే ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది. సర్వే వాళ్ల జెండాలు పన్నెండు, ఏటి పాయ అంచున. ఆమె కట్టిన గుడ్డలు ఇరవై ఆరు, గుడ్లు ఉన్న చోట. ఒక్కో గుడ్డ ఒక్కో గూటికి గుర్తు. జోలికి రావద్దని కట్టిన గుర్తే ఇప్పుడు వచ్చి తవ్వమని పిలుస్తోంది. పోయిన వారం సర్వే వాళ్లు జెండాలు పాతుతుంటే తనే వాళ్లకు చల్ల పోసింది. "మా లెక్కనే ఎర్రగుడ్డలు కడుతున్నరు, మంచిగున్నది" అని నవ్వింది కూడా.

"నేను చెప్పిన్నని చెప్పకు," అని మల్లేష్ ఫోన్ పెట్టేశాడు. అతని ట్రాక్టర్ కూడా ఆ ఇసుక వరుసలోనే నిలబడి ఉంది.

మద్దులకుర్రు గోదావరి నడుమ రెండు కిలోమీటర్ల పొడవున్న గడ్డ. ఏరు రెండు పాయలుగా చీలి దాన్ని చుట్టుకొని పోతుంది. ఈ వైపు ఒడ్డు పాత కరీంనగర్ జిల్లా, ఆ వైపు ఒడ్డు పాత ఆదిలాబాద్. బోరు చెడిపోయిందని ఈ వైపు ఆఫీసుకు పోతే ఆ వైపు పొమ్మంటారు, ఆ వైపు పోతే ఈ వైపు పొమ్మంటారు. ఇక్కడి పద్దెనిమిది ఇండ్లూ ఎవరికీ చెందవు. ఇసుక దగ్గరికి వచ్చేసరికి మాత్రం హక్కుదారులు ఎక్కువ. కాంట్రాక్టర్ కాగితంలో ఈ ఊరి పేరే లేదు. "ఇసుక మేట" అని ఉంది. మేట మీద మనుషులు ఉంటారని ఆ కాగితానికి తెలియదు. పిట్టల సంగతి ఇక చెప్పేదేముంది!

కుర్రు తల వైపు ఇండ్లు, మక్కజొన్న, పసుపు. తోక వైపు అరకిలోమీటరు మేర తెల్లటి ఇసుక. ఎండాకాలం ఏరు తగ్గగానే పసుపు ముక్కు, నల్ల నెత్తి ఉన్న తెల్లపిట్టలు అక్కడికి వస్తాయి. ఊళ్లో వాళ్లు ఇసుకపిట్టలు అంటారు. గూడు అల్లవు. ఇసుకలో కడుపుతో చిన్న గుంత చేసి రెండో మూడో గుడ్లు పెడతాయి. గుడ్డు రంగూ ఇసుక రంగూ ఒకటే. తొక్కేదాకా కనబడదు.

చంద్రవ్వ తొక్కింది. సుల్తానాబాద్ వైపు వరి పొలాల్లో పుట్టి, పద్దెనిమిదేండ్లప్పుడు ఈ కుర్రుకు కోడలుగా వచ్చింది. అత్త చనిపోయాక తోక మీద ఇసుక వాటా ఆమెది. దాంట్లో పుచ్చకాయ వేసేది. పెనిమిటి ముత్యం మస్కట్‌లో పనికి పోయినప్పటి నుంచి కుండలతో నీళ్లు మోసి ఒక్కతే పాదులు తడిపేది. ఏడేండ్ల కింద ఒక పొద్దున కాలి కింద పటుక్కుమంది. చూస్తే పచ్చసొన, అందులో రెక్కలు రాని పిల్ల. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

మరునాడు, ఇంటి కోడిని పొదగేసినట్టే, మిగిలిన గుడ్ల మీద తట్టలు బోర్లించింది. ఎండ తగలదు, కుక్క తినదు అనుకుంది. పిట్టలు ఆ తట్టల మీద తిరిగి తిరిగి అరిచి, మూడో రోజు వెళ్లిపోయాయి. అది ఆమె మొదటి తప్పు. ఆ ఏడు తోక మీద ఒక్క పిల్ల కూడా ఎగరలేదు.

ఆ తర్వాత రెండేండ్లు దూరం నుంచి చూస్తూ నేర్చుకుంది. తల్లిపిట్ట ఏట్లో వాలి, పొట్ట తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. తడి పొట్టతో గుడ్లను చల్లబరుస్తుంది. ఎండాకాలం ఇసుక మీద అది పొదగడం కాదు, నీడ పట్టడం. ఎండ ముదిరాక తల్లిని పది నిమిషాలు లేపితే గుడ్డు లోపల ఉడికిపోతుంది. అటవీ శాఖ బీట్ ఆఫీసర్ మమతారాణి లెక్క రాసుకోవడానికి వచ్చినప్పుడు ఈ మాటే చెప్పింది. "నువ్వు చూసింది నిజమే, చంద్రవ్వా. కుక్కలకన్న, కాకులకన్న ఎక్కువ చంపేది మనం పక్కన నిలబడుడే."

ఊరిని ఒప్పించడానికి చంద్రవ్వ ప్రకృతి అనీ పర్యావరణం అనీ చెప్పలేదు. చెబితే ఎవరూ వినేవారు కాదు. "తోక మీద పురుడున్నది" అంది. అంతే. బాలింత ఉన్న ఇంటికి ఎవరుపడితే వారు పోరు. గట్టిగా అరవరు. కుక్కను రానివ్వరు. గుడ్లు పెట్టినప్పటి నుంచి పిల్లలు ఎగిరేదాకా నలభై ఐదు రోజులు పిట్టల పురుడు. ఆ రోజుల్లో ఊరి కుక్కలన్నీ కట్టేసి ఉంటాయి. పశువులు తల వైపు రేవులో నీళ్లు తాగుతాయి. తెప్పలు తోక దగ్గర ఆపరు. పాత వలల ముక్కలు ఏరి కాలుస్తారు. చంద్రవ్వ తన వాటాలో పుచ్చకాయ మానేసింది. ఆమెను చూసి ఇంకో ఐదు ఇండ్లు మానేశాయి. మూడు గూళ్లతో మిగిలిన తోక ఈ ఏడు ఇరవై ఆరు గూళ్లకు వచ్చింది.

ఆ ఇరవై ఆరు గూళ్ల పక్కన ఇప్పుడు ఎర్రగుడ్డలు.

పక్కింటి ఐలవ్వకు డెబ్బై దాటాయి. అరుగు మీద బీడీలు చుడుతూ కూర్చున్న ఆమెకు చంద్రవ్వ రెండు మాటల్లో సంగతి చెప్పింది. ఐలవ్వ చేట పక్కన పెట్టి లేచింది.

"నడువు. ఊరందరిని లేపుత. మిషన్ ముంగట పండుకుంటం. ఎట్ల తవ్వుతడో చూద్దాం బిడ్డ!"

పావుగంటలో పదిహేను మంది ఆడవాళ్లు పోగయ్యారు. కొడవళ్లు, కర్రలు, ఒకామె చేతిలో చీపురు. పుచ్చతోట గట్టు దాకా దూకుడుగా వచ్చారు. అక్కడ చంద్రవ్వ వెనక్కు తిరిగి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"గీ గట్టు దాటద్దు."

"అరే! ఎందుకు?"

"మనం పదిహేను మందిమి పోయి ఆడ నిలవడితే పిట్టలన్ని లేస్తయ్. ఎండెక్కుతున్నది. మిషన్ అక్కర్లే, మనమే చంపుతం."

"ఇన్నొద్దులు అందరు కలువుర్రి అంటివి," అంది ఐలవ్వ, నడుం మీద చెయ్యి పెట్టుకొని. "కలిస్తిమి. ఇప్పుడేమో రావద్దంటివి. మేమేం చెయ్యాలె? గీడ కూసోని బీడీలు చుట్టుకోవాల్నా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. చంద్రవ్వకు నవ్వు రాలేదు. ఎర్రగుడ్డలు విప్పేస్తే చాలదు. విప్పితే అక్కడ ఏమీ లేదనుకొని మిషన్ నేరుగా గూళ్ల మీదే తిరుగుతుంది. కట్టి ఉంచితే తవ్వుతుంది. చూడగానే, ఎవరూ చెప్పకుండానే, ఆగిపోయే గుర్తు కావాలి. ఏ ఊరి మనిషికైనా అర్థం కావాలి.

ఆమెకు ఐలవ్వ ఇంటి గుమ్మం గుర్తొచ్చింది. పోయిన నెల ఐలవ్వ మనుమరాలు కాన్పుకు వచ్చినప్పుడు గుమ్మానికి కట్టిన వేపమండ ఎండిపోయి ఇంకా వేలాడుతోంది. బాలింత ఉన్నా, పిల్లలకు అమ్మవారు పోసినా ఈ ప్రాంతంలో గుమ్మానికి వేపమండ కడతారు. అది చూసిన పరాయి మనిషి గడప తొక్కడు, బయటి నుంచే పిలుస్తాడు. నోటితో పురుడు అన్నది చంద్రవ్వే. మరి పురుడింటికి ఎవరైనా ఎర్రగుడ్డ కడతారా? ఆ మాట ముందే ఎందుకు తట్టలేదని ఆమె తనను తాను తిట్టుకుంది.

"యాపమండలు కొయ్యుర్రి. జల్ది! ఇరవై ఆరు," అంది.

ఆరుంబావుకు చంద్రవ్వ మమతారాణికి ఫోన్ చేసి, మండల మోపు చంకన పెట్టుకొని ఒక్కతే తోక మీదికి దిగింది. ఇసుక ఇంకా చల్లగా ఉంది. గుడ్డలు కట్టిన పుల్లలన్నీ గూళ్లకు రెండు బారల అవతల పాతినవి. ఒంగి గుడ్డ విప్పడం, కొంగులో దోపుకోవడం, మండ కట్టడం, కదలడం. పిట్ట లేచి నెత్తి మీద అరుస్తుంది. ఆమె నాలుగు అడుగులు పోగానే మళ్లీ వాలుతుంది. ఒకటి వచ్చి ముక్కుతో కొప్పు మీద పొడిచింది. "నేనేనే, నేనేనే," అని గొణిగింది. పది అయ్యాయి. పదిహేను. పందొమ్మిదో మండ కట్టి లేస్తుండగా కాళ్ల కింద ఇసుక అదిరింది.

జేసీబీ ఏడింటికి రావలసింది, పది నిమిషాల ముందే వచ్చింది. పాయ మీద తూములు వేసి మట్టి పోసిన బాట దాటి, చెయ్యి పైకెత్తి, ఏనుగులా ఊగుతూ తోక ఎక్కింది. ఆ మోతకు ఒక్కసారి పిట్టలన్నీ లేచాయి. ఆకాశంలో తెల్లటి గుంపు, చెవులు చిల్లులు పడే అరుపు. ఇరవై ఆరు గూళ్లూ ఎండకు తెరిచి ఉన్నాయి.

మిషన్ ముందున్న మొదటి ఎర్రగుడ్డ దగ్గరికి పోతోంది. అది సర్వే వాళ్లది కాదు, చంద్రవ్వ చీరముక్క.

ఆమె పరుగెత్తలేదు. అడ్డదిడ్డంగా పరుగెడితే తనే తొక్కుతుంది. పుల్లల నడుమ నుంచి, ప్రతి అడుగూ చూసి వేస్తూ, చేతిలో మండ పైకెత్తి నడిచింది. బకెట్ ఇసుకను తాకేముందు మిషన్ ఆగింది. డ్రైవర్ తల బయట పెట్టాడు. నలభై ఏండ్ల మనిషి, మెడలో తువ్వాల.

"ఏంది తాయీ? జరుగు!"

తాయీ అంటే అక్క. భైంసా వైపు మరాఠీ కలిసిన మాట. మండ ఊరికే కట్టరన్నది అటువైపు కూడా తెలిసే ఉంటుందని ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది.

"ఇంజన్ బంద్ చెయ్యి తమ్మీ. జర బంద్ చెయ్యి, చెప్తా."

"ఎర్రగుడ్డ ఉన్నకాడ తోడమన్నరు."

"గా ఎర్రగుడ్డ నేనే కట్టిన. తప్పు నాదే. నువ్వు వెనుకకు సూడు, నేనేం కట్టుకుంట వస్తున్ననో."

అతను చూశాడు. ఆమె దాటి వచ్చిన దారి పొడవునా పచ్చటి వేపమండలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఏ ఇంటి గుమ్మమూ లేదు, ఉత్త ఇసుక. అతని ముఖం మారింది.

"ఎవలకు అమ్మవారు పోసింది?"

"పురుడు. గా నెత్తి మీద అరుస్తున్నయి సూడు, గవే బాలింతలు."

అతను పైకి చూసి, కిందికి చూసి, తన చక్రానికి అయిదు బారల దూరంలో ఇసుకలో కలిసిపోయిన మూడు గుడ్లను అప్పుడు చూశాడు. చెయ్యి తాళం చెవి మీదికి పోయింది. ఇంజన్ ఆగింది.

అంతలో బైకు మీద కాంట్రాక్టర్ మనిషి కరుణాకర్ వచ్చాడు. "అరే హనుమండ్లూ, ఎందుకు ఆపినవ్‌రా? అవతల పద్నాలుగు ట్రాక్టర్లు లైన్ల ఉన్నయి!" అని డ్రైవర్‌ను గదిమి, చంద్రవ్వ వైపు తిరిగాడు. "ఏమమ్మా, పర్మిషన్ ఉన్న పనికి అడ్డం తగులుతవా? పోలీసులను పిలువాల్నా?"

ఇంజన్ ఆగినా పిట్టలు దిగడం లేదు. మనుషులు అక్కడి నుంచి పోతే కదా దిగేది. సూర్యుడు ఒడ్డు చెట్ల మీదికి ఎక్కాడు. చంద్రవ్వ మెడ మీద ఎండ సురుక్కుమంది.

"సారూ, మాట్లాడుదం. ఎంతసేపన్న మాట్లాడుదం. కని ఈడ కాదు. నడుసుకుంట మాట్లాడుదం, గట్టు దాంక రా."

"నేనెందుకు రావాలె?"

సరిగ్గా అప్పుడే గట్టు మీద కేకలు లేచాయి. కరుణాకర్ చేతులు ఊపడం చూసి, చంద్రవ్వను కొడుతున్నాడని అనుకున్నారో ఏమో, ఐలవ్వ ముందు నడవగా ఆడవాళ్లంతా గట్టు దిగారు. చీపురు ఆమె అందరికంటే ముందు. వాళ్లు వస్తున్న దారిలో నాలుగు గూళ్లు ఉన్నాయి.

"ఆగుర్రి!" చంద్రవ్వ గొంతు చీరుకుపోయింది. "ఐలవ్వా, నీ కాళ్లు మొక్కుత, ఆగు! నీ ముంగటనే ఉన్నయ్!"

కరుణాకర్ నవ్వాడు. "నీ మనుషులే నీ మాట ఇంటలేరు. నా మిషన్ ఎందుకు ఇంటది?"

ఐలవ్వ ఆగింది. పైకెత్తిన కాలు గాలిలోనే నిలిచింది. ఎదురుగా వేపమండ. ఆమె మెల్లగా ఆ కాలు వెనక్కు పెట్టింది. వెనుక వాళ్లను మోచేత్తో నెట్టింది. "ఎన్కకు నడువుర్రే. యాపమండ అవుపడ్తలేదా, కండ్లు పోయినయా?" పదిహేను మందీ తమ అడుగుల గుర్తుల్లోనే కాళ్లు పెట్టుకుంటూ గట్టు ఎక్కారు. కరుణాకర్ నవ్వు సగంలో ఆగింది.

"సారూ, ఇన్నరు," అంది చంద్రవ్వ. "మీ జెండాలు పన్నెండు. ఒక్కటి ముట్టలే. పాయ అంచుకు సూడు, అన్ని ఉన్నయ్. నావి నేను తీసుకుంటున్న. మీ కాగితంల పన్నెండే కదా ఉన్నయి? గా పన్నెండు దాటి ఒక్క బకెట్ తోడినా అది మీ పర్మిషన్ల లేదు. బీట్ ఆఫీసర్ మేడంకు ఫోన్ చేసిన, బయలెల్లింది. గుడ్లు చెదిరినయంటే పంచనామా రాస్తది."

కరుణాకర్ జేబులోంచి కాగితం తీసి చూశాడు. పన్నెండే ఉన్నాయి. మడిచి పెట్టుకున్నాడు.

"గీ సంగతి నీకు ఎవడు చెప్పిండు? మిషన్ ఎప్పుడొస్తదో, ఎట్ల తోడుతదో?"

తూముల బాట దగ్గర ట్రాక్టర్ మీద కూర్చున్న మల్లేష్ దిగి నడిచి వచ్చాడు. గూళ్ల వైపు రాకుండా, నీళ్ల అంచునే మోకాళ్ల దాకా తడుస్తూ వచ్చాడు.

"నేనే చెప్పిన," అన్నాడు.

"ఓహో. రేపటి నుంచి నీ బండి లైన్ల కనవడద్దు."

"మంచిది," అన్నాడు మల్లేష్. అని వదినె ముఖం చూడలేదు. ఆ ట్రాక్టర్ కిస్తీ ఇంకా తీరలేదన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

చివరికి వాళ్లు నీళ్ల అంచుకు జరిగారు. కరుణాకర్ కూడా గొణుక్కుంటూ జరిగాడు. పిట్టలు ఒక్కొక్కటే దిగసాగాయి. రెండు, ఐదు, పన్నెండు. చంద్రవ్వ వేళ్ల మీద లెక్క పెట్టింది. ఇరవై ఐదు. మిషన్ పక్కనున్న గూటికి మాత్రం తల్లి రావడం లేదు. పసుపుపచ్చ ఉక్కు చెయ్యి నీడ ఆ గుంత పక్కనే పడి ఉంది. తల్లి పైన తిరుగుతోంది, దిగబోతోంది, మళ్లీ లేస్తోంది.

"మిషన్ తియ్యాలె," అన్నాడు హనుమండ్లు. "తియ్యాల్నంటే ఇంజన్ పెట్టాలె, తాయీ. అన్ని మల్ల లేస్తయి."

ఏడుంబావు. ఒక్కదాని కోసం ఇరవై ఐదింటిని లేపాలా? లేపకపోతే ఆ ఒక్కటీ పోతుంది. పైగా ఏ తొమ్మిదింటికో, పదింటికో కరుణాకర్ ఎట్లాగూ మిషన్ కదిలిస్తాడు. అప్పటికి ఇసుక పెనంలా ఉంటుంది. చంద్రవ్వకు తట్టలు గుర్తొచ్చాయి. కాపాడబోయి చంపిన ఏడు గుర్తొచ్చింది.

"ఎంతసేపు పడ్తది?"

"రెండు నిమిషాలు. వచ్చిన జాడల్నే ఎన్కకు తీస్త."

"ఇప్పుడే తియ్యి. ఎండెక్కకముందే."

కరుణాకర్ నోరు తెరిచాడు. "అరే, తియ్యమని నేను చెప్పాలె—"

"మండ దాటి బకెట్ పెట్ట, సేఠ్," అన్నాడు హనుమండ్లు, మెట్టు ఎక్కుతూనే. "నా ఇంట్ల పిల్లలున్నరు. కావాల్నంటే ఇంకో డ్రైవర్‌ను తెచ్చుకో."

ఇంజన్ మోగింది. తెల్లటి గుంపు మళ్లీ లేచింది. హనుమండ్లు తల బయటికి పెట్టి, వెనక్కు చూస్తూ, దూడను తోలినంత నెమ్మదిగా మిషన్‌ను తన చక్రాల జాడలోనే నడిపించాడు. పాయ అంచున పన్నెండు జెండాల దగ్గర ఆపి ఇంజన్ బంద్ చేశాడు. ఒక నిమిషం. రెండు. చంద్రవ్వ లెక్కపెడుతోంది. ఐదో నిమిషంలో ఆఖరి తల్లి ఏట్లో వాలి, పొట్ట తడుపుకొని, మూడు గుడ్ల మీద కూర్చుంది.

చంద్రవ్వ అప్పుడు నీళ్ల అంచున ఇసుకలో కూర్చుంది.

"గా పన్నెండు జెండాల సంగతి మాత్రం అయిపోలే, సారూ," అంది కూర్చున్నచోటి నుంచే. "పాయల తోడితే రేపు తోక జారి దాంట్లనే పడ్తది. సోమారం గ్రామసభ ఉన్నది. కొట్లాట ఆడ."

కరుణాకర్ బైకు తన్ని వెళ్లిపోయాడు. బీట్ ఆఫీసర్ ఇంకా దారిలోనే ఉంది.

మిగిలిన ఏడు మండలు సాయంత్రం, ఇసుక చల్లబడ్డాక కట్టాలి. చంద్రవ్వ కొంగులోని ఎర్ర ముక్కలు తీసి మూట కట్టింది. గట్టు దగ్గరికి వచ్చేసరికి ఐలవ్వ మొదటి మండ వైపు కళ్లు చికిలించి చూస్తోంది. ఎండకు ఆకు అప్పుడే వాలుతోంది.

"పురుడు ఇంకెన్నొద్దులే?"

"పందొమ్మిది."

"గీ ఎండకు మండలు మూడొద్దులకు ఎండుతయ్. ఎండిన మండ చూసి మైల పోయిందనుకుంటరు. మల్ల మల్ల కట్టాలె."

"కట్టాలె."

"నీ చెట్టు ఒక్కదానికి ఏం సరిపోతది? బోడిగైతది." ఐలవ్వ బొడ్లోంచి బీడీ తీసి, ముట్టించకుండానే పళ్ల మధ్య పెట్టుకుంది. "ఎల్లుండి మా చెట్టుకు కొయ్యుర్రి. ఆ తర్వాత మల్లేష్ ఇంటి ఎన్కది. చీపురు పట్టుకొని ఉరికింది కదా, దాని ఇంటి ముంగట గూడ ఒకటున్నది, దాన్ని గూడ వంతుల రాసుకో."